యాప్ తెరిచినోళ్ల లెక్క

గల్ఫ్ కార్మికుల కుటుంబాల కోసం యాప్ నడిపే చిన్న కంపెనీ ఒకటి కరీంనగర్‌లో ఉంది. మహెక్ అందులో పనిచేస్తుంది. గల్ఫ్‌లో చిక్కుకుపోయిన తమవాళ్ల గురించి ఇంటివాళ్లు ఆ యాప్‌లో ఫిర్యాదు పెడతారు.

ఇకనుంచి టీమంతా ఒకే ఒక్క లెక్కను పెంచడానికి పనిచేయాలని మేనేజర్ సాగర్ చెప్పాడు.

“ఎంతమందికి జవాబు దొరికిందో గదే చూద్దాం సార్,” అంది మహెక్.

“జవాబు మన చేతుల లేదు మహెక్. రోజుకు ఎన్నిసార్లు యాప్ తెరుస్తున్నరో గది చూద్దాం.”

నెల తిరిగేసరికి ఆ లెక్క బాగా పెరిగింది. అప్పుడే వేములవాడ దగ్గరి పల్లె నుంచి, యాప్‌లో ఫిర్యాదు పెట్టిన గంగజల మహెక్‌కు ఫోన్ చేసింది. మస్కట్ వెళ్లిన ఆమె భర్త జాడ తెలియడం లేదు.

“బువ్వ వండుకుంట చూస్త, పత్తి ఏరుకుంట చూస్త చెల్లె, మీరేమన్న రాసిండ్రేమోనని. ఏం లేకపాయె.”

జవాబు రాకే లెక్క పెరుగుతోందని మహెక్‌కు అర్థమైంది. వెళ్లి సాగర్‌కు చెప్పింది.

“నాకు తెల్వదా? పైసలు పెట్టినోళ్లు గిదే అడుగుతున్నరు. నేనేం జెయ్యాలె?”

సాయంత్రం మీటింగ్‌లో తెర మీద ఆ లెక్క చూసి అందరూ చప్పట్లు కొట్టారు. మహెక్ కూడా కొట్టింది. తర్వాత మెట్ల మీద కూర్చుని గంగజలకు ఫోన్ చేసింది.

“ఏమన్న తెలిసిందా చెల్లె?” అని ఆమె ఆత్రంగా అడిగింది.

“ఇంకా లేదక్కా, తెలిసినంక నేనే ఫోన్ చేస్త, అందాక యాప్ తెరువకు,” అంది మహెక్.