చిన్నమ్మ బాయిలోని తెల్లరాయి

వెల్గటూర్‌లో మా చిన్నమ్మ కొత్తగా తవ్వించిన బాయిలో నీళ్లు పడ్డ రోజు, చివరగా పైకొచ్చిన తెల్లరాయికి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి గట్టు మీద నిలిపింది. మా ఇంట్లో అదొక ఆనవాయితీ. ఆమె ఫోన్‌లో పంపిన ఫొటో చూసి నాకు కాలు నిలవలేదు. నేను జగిత్యాలలో కాలేజీ పిల్లలకు రాళ్ల పాఠాలు చెబుతాను. చూడటానికి సున్నపురాయిలా ఉండి, నిజానికి భూమి లోతుల్లో కరిగి పైకి ఎగదన్నిన రాయి ఒకటుంది. నేల రెండు వైపులకూ సాగి, బీటలు బాగా లోతుకు దిగిన చోటే అది ఎక్కువగా దొరుకుతుంది. వెల్గటూర్ పక్కన మన గోదావరి పారేది అలాంటి పాత బీట వెంబడే.

సుత్తి, యాసిడ్ సీసా పట్టుకుని ఆదివారమే వెళ్లాను. చుక్క పడగానే రాయి బుస్సుమని పొంగింది. ఇంకో చుక్క జారి బొట్టుకు తగిలితే ఎర్రటి కుంకుమ పసుపు రంగుకు మారింది. చిన్నమ్మ మొహం మాడిపోయింది. మస్కట్‌లో ఉన్న మా చిన్నాయన గుర్తొచ్చాడేమో, గబగబా మళ్లీ కుంకుమ అద్దింది.

అప్పుడైనా నా నోరు ఊరుకుందా? ఇలాంటి రాళ్లలో ఫోన్లకూ మోటార్లకూ పనికొచ్చే లోహాలు ఉండొచ్చని, సర్కారు వాళ్లు వచ్చి చూస్తారని వాగేశాను.

“భూమి తీసుకుంటరా బిడ్డా?”

ఒక్క రాయిని చూసి ఎవరూ తీసుకోరన్నాను. పొంగింది మట్టిలోంచి పైన పట్టిన సున్నం కావచ్చు, పగలగొట్టి లోపల చూస్తేగానీ చెప్పలేనంటూ సుత్తి తీశాను. ఆమె రెండు చేతులూ రాయి మీద పెట్టింది.

“లోపల గూడ గదే ఉంటె ఎవలకన్న జెప్తవా?”

చెప్పకుండా ఉండలేను. చెప్పనని అబద్ధమాడటమూ నాకు చేతకాదు. ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

“మీ చిన్నాయన ఆడ ఎండల మాడుకుంట పంపితె తవ్విన బాయి ఇది.”

సుత్తి సంచిలో పెట్టేశాను.

వానలు పడ్డాక వెళ్తే గట్టు మీద రాయి లేదు. ఏదని అడిగాను.

“బాయిలకెల్లి అచ్చింది, బాయిలనే ఏసిన.”

బాయి నిండుగా ఉంది. ఆ రాయి ఊడొచ్చిన తెల్లచార బాయి గోడలో ఎటు పోతుందో నీళ్లు దిగితే కనబడుతుంది. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అన్నం పెట్టింది, కడుపు నిండా తిన్నాను. బస్సు దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“ఎప్పుడన్న రా బిడ్డా. ఎండకాలం మాత్రం రాకు.”