ఎడమవైపు దొంగ

గుడ్ ఫ్రైడే ఆరాధన ముగిసిన మధ్యాహ్నం, బోగోలు బస్సులో తెల్లచీర కట్టుకున్న ఒకామె నా పక్కన కూర్చుంది.

"యేసయ్య సిలువమీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడినారన్నా. ఆయనకు కుడివైపు సిలువమీది దొంగకు పరదైసు, అదే పరలోకం, దొరికిందంట. యేసయ్యను తిట్టిన ఎడమవైపోడి ఊసు ఒక్కరూ ఎత్తలా," అంది. ఆమె తమ్ముడు చేపల వలలు దొంగిలించేవాడట, చనిపోయేదాకా పాస్టరుగారిని తిడుతూనే ఉన్నాడట.

కథలల్లడం నాకు పాత జబ్బు. "యేసయ్య పసిబిడ్డగా ఐగుప్తు దేశానికి పోయేటప్పుడు దాహమేసి ఏడిస్తే, దారి కాచి దోచుకునే ఆ ఎడమవైపోడే నీళ్లు తాపినాడు. వాడు మరిచిపోయినాడు గానీ, బిడ్డ మరవలేదక్కా," అన్నాను.

"ఇది బైబిల్లో లేదు కదన్నా?"

"లేదక్కా."

ఆమె ప్రార్థనకు కూర్చున్నట్టు తలమీద కొంగు కప్పుకుని, "ఇంకోసారి చెప్పన్నా," అంది.

నా కథలన్నీ చెప్పిన ప్రతిసారీ పెరుగుతాయి. ఇదొక్కటి మాత్రం ఇప్పటికీ అంతే ఉంది.