సముద్రపు జంతువు తమ్ముడు

సినిమాలో ఆ సముద్రపు జంతువు తన తమ్ముణ్ణి వెతకడం లేదని మొన్న పేపర్లో చదివి నిర్ఘాంతపోయాను. జీవితమంతా రాక్షస జంతువుల సినిమాలే రాసిన ఓ జపాన్ రచయిత చనిపోయాడట. ఆయన రాసిన ఆ సినిమా కథలో అది ఫ్యాక్టరీ విషానికి గుడ్డిదై, దారి తడుముకుంటూ ఇళ్ళు కూల్చిందట.

చిన్నప్పుడు మా పజుండౌంగ్ పేట వీడియో హాల్లో, వేయించిన బఠాణీల వాసన మధ్య ఆ జపాను సినిమా చూస్తుంటే మామ్మే నాకు తమ్ముడి కథ చెప్పింది.

"ఏటంటంది మామ్మా?"

"తమ్ముడేడని అడుగుతంది. ఎవులూ సెప్పరు. అందుకే కప్పులు పీకి సూత్తంది."

"నీకు జపాను వచ్చా?"

"యుద్దంలో ఆళ్ళ కాడే గదే పెరిగినాం. నోరు మూసుకొని సూడు."

నమ్మేశాను.

పేపరు అమ్మకు చూపించాను. "మామ్మకు జపాను ముక్క రాదే," అంది.

యుద్ధంలో జపాను సైన్యం వచ్చిపడితే మా ఊరి నుంచి ఇండియాకు నడిచిన జనంలో మామ్మ చేతిలోంచి ఆరేళ్ళ తమ్ముడి చెయ్యి విడిపోయిందట; అతను దొరక్క మామ్మ దారిలోంచే వెనక్కి వచ్చేసిందట. అతను ఇండియా చేరాడో లేదో మాకిప్పటికీ తెలియదు.