జెయింట్ వీల్ క్యూలో మునెమ్మ

1986 వేసవి. చిత్తూరు బస్టాండుకు ఎదురుగా ఒక సోడా కొట్టు మేడ మీద మా ట్రావెల్స్ ఆఫీసు ఉండేది. ఆఫీసంటే ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకు ఒక రోడ్డు మ్యాపు. టూర్లు ప్లాన్ చేయడం నా పని. ఎన్నింటికి బయల్దేరాలి, టిఫిను ఎక్కడ, ఏ చోట ఎంతసేపు ఆగాలి, అన్నీ ఒక కాగితం మీద రాసి డ్రైవరు చేతికిచ్చేవాణ్ణి. దాన్ని ట్రిప్ షీట్ అంటారు. నా గొప్ప నేనే చెప్పుకోకూడదు గానీ, పన్నెండేళ్లలో నా ట్రిప్ షీట్ అరగంట కూడా తప్పింది లేదు. తిరుమల, కాళహస్తి, కంచి, తిరుత్తణి, అన్నీ యాత్రలే. దేవుళ్లు ఎక్కడికీ పోరు కాబట్టి ఆ ప్లాన్లు సులువు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆడపిల్లల హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్ సరోజినమ్మ గారు మెట్లెక్కి వచ్చారు. వెనకాలే ఆ స్కూలు ఆయా మునెమ్మ. ముప్పై ఏళ్ల సర్వీసు ముగించి ఆ నెలాఖరుకు రిటైర్ అవుతోంది. టీచర్లు శాలువా కప్పి పంపేద్దామనుకున్నారట. మాట వరసకు నీకేం కావాలని అడిగితే, మద్రాసులో సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన వినోదాల పార్కుకు పోవాలందట. టీచర్లతో కలిపి నలభై రెండు మంది, ఒక ఆదివారం, పొద్దున పోయి రాత్రికి తిరిగి రావాలి.

నేను కుర్చీలు చూపించాను. సరోజినమ్మ గారు కూర్చున్నారు. మునెమ్మ తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. మోకాళ్లు రెండూ వంగిపోయి ఉన్నాయి.

"ఆడ ఏమేం చూడాలమ్మా?" అని పెన్ను తీశాను.

"పెద్ద రాట్నం ఉండాదంట గదా సార్, కరెంటుతో తిరిగేది. అదొకటి ఎక్కితే సాలు."

"అంత ఎత్తులో భయం కాదా నీకు?"

"ఎత్తుకేం సార్. తిరుమల కొండ ఎన్నితూర్లు ఎక్కినానో నాకే లెక్క లేదు. మొక్కుబడి గదా, అంతా కాళ్లతోనే ఎక్కినాను. కూసోని పైకి పొయ్యేది ఎట్టుంటాదో సూడాల."

జెయింట్ వీల్ అంటే మన తిరునాళ్లలో చేత్తో తిప్పే రంగులరాట్నానికి పెద్దన్న. నేను దాన్ని చూసింది కరపత్రంలోనే, ఆ పార్కులో అడుగు కూడా పెట్టలేదు. అయినా ధీమాగా, 'పదకొండు గంటలు, జెయింట్ వీల్, ఇరవై నిమిషాలు' అని రాసేశాను. సాయంత్రం నాలుగుకు బయల్దేరడం అని గీత గీశాను. ఆ గీత దాటడానికి లేదు. పక్క రాష్ట్రంలోకి పోయే బస్సుకు ఒక్కరోజు పర్మిట్ తీస్తాం. అందులో రాసిన గడువు లోపల సరిహద్దు చెక్‌పోస్టు దాటి వచ్చేయాలి.

ఆదివారం పదకొండుకల్లా పార్కు ముందు దిగాం. సరుగుడు తోపు పైన ఆ చక్రం కనిపించింది. సముద్రపు మసకలో నిదానంగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. ఎర్ర పెట్టె, పసుపు పెట్టె, నీలం పెట్టె ఒకదాని వెనక ఒకటి ఆకాశంలోకి పోయి మళ్లీ చెట్ల వెనక దిగుతున్నాయి. మునెమ్మ చేతులు జోడించబోయి, నావైపు చూసి సిగ్గుపడి దించేసింది. నాకూ కాసేపు చేతి గడియారం గుర్తు లేదు. నా వృత్తిలో అది పాపమే.

ఇక నా తప్పు చెప్పాలి. యాత్రలు నాకు నేర్పిన సూత్రం ఒకటుంది. క్యూ ఎక్కడ పొడుగ్గా ఉంటే అక్కడే దర్శనం. ముందు నిలబడాలి, విచారణ తర్వాత. అడుగుతూ ఉంటే వందమంది ముందుకు పోతారు. తిరుపతి చుట్టుపక్కల పుట్టినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. లోపల తాళ్లు కట్టిన ఒక క్యూ మెలికలు తిరుగుతూ గోడ వెనక్కి పోతోంది. గోడ పైన చక్రం తిరుగుతోంది. ఇంకేం కావాలి? నలభై రెండు మందినీ వరసగా అందులో నిలబెట్టేశాను. ఒక్కరంటే ఒక్కరు ఇదేం క్యూ అని అడగలేదు. ఎమ్మే చదివిన టీచర్లు కూడా.

గంట గడిచింది. తర్వాత ఇంకొక గంట. చిత్రాన్నం పొట్లాలు క్యూలోనే విప్పుకుని నిలబడే తిన్నాం. ఉప్పుగాలికి అందరికీ కళ్లు మూతలు పడుతున్నాయి. మైకులో పాట ఒకటి దగ్గరికి వస్తూ దూరంగా పోతూ ఉంది. చివరికి గోడ మలుపు తిరిగాం. అక్కడ ఒక ఫోటో స్టూడియో. నల్లగుడ్డకు వెండి కాగితపు చుక్కలు అంటించి, ముందు అట్టతో చేసిన నెలవంక పెట్టారు. దాని మీద కూర్చుంటే ఫోటో తీస్తారు. అంతే.

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సరోజినమ్మ గారు నవ్వి, వచ్చినందుకు ఫోటో అయినా దిగుదామన్నారు. ఆవిడ నెలవంక మీద కూర్చున్నారు, టీచర్లు చుట్టూ నిలబడ్డారు. మునెమ్మ అందరి హ్యాండ్‌బ్యాగులూ భుజాలకు తగిలించుకుని వెనక నిలబడింది.

"నువ్వూ వచ్చి కూర్చో మునెమ్మా" అని పిలిచారావిడ.

"నేనా? మీ పక్కన యాడ కూసునేది టీచరమ్మా. తియ్యమనండి."

చక్రం క్యూ దగ్గరికి వచ్చేసరికి ఒకటిన్నర. రెండు గంటలు పడుతుందని అక్కడి మనిషి అరవంలో చెప్పాడు. మిగతా టీచర్లను బొమ్మరైలుకూ సముద్రానికీ పంపేసి, మునెమ్మ, సరోజినమ్మ గారు, నేను నిలబడ్డాం. మధ్యలో మోటారు వేడెక్కిందని అరగంట ఆపేశారు. మూడున్నరకు మా ముందు ఇంకా యాభై మంది. అక్కడి మనిషిని బతిమాలదామని నేను కదిలితే మునెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు సార్. మన ముందర ఉండేది సిన్నబిడ్డలు."

సరిగ్గా నాలుగుకు డ్రైవరు ఖాదర్ వచ్చాడు. "అన్నా, అందరూ బండెక్కినారు. ఇప్పుడు తీయకుంటే చెక్‌పోస్టులో నిలబెట్టేస్తారు."

మునెమ్మ తాడు కిందుగా వంగి క్యూలోంచి బయటికి వచ్చేసింది. "పోదాం పదండి. కింద నుంచి సూసినాను గదా, సాలు. నాకోసం అంతమందికి ఇబ్బంది యాల?"

ఆ మాట నాకు తగిలింది. ఆమెను రెండు గంటలు ఉత్తపుణ్యానికి నిలబెట్టింది నేను. ట్రిప్ షీట్ తీసి ఖాదర్ చేతిలో పెట్టాను. పర్మిట్‌తో ఉన్న ప్రయాణికుల లిస్టులో మూడు పేర్లు కొట్టేసి సంతకం చేశాను. "నువ్వు పో అప్పా. మేము రూటు బస్సులో వస్తాం" అన్నాను. నా బృందాన్ని నేను వదిలిపెట్టడం అదే మొదలు. మునెమ్మను మళ్లీ తాడు లోపలికి తెచ్చాను. వెనక ఉన్న ఒక తమిళావిడ ఆమె జాగా ఎవరికీ ఇవ్వకుండా పట్టి ఉంచింది.

అయిదు దాటాక మా వంతు వచ్చింది. నీలం పెట్టె. ఒక పక్క నేను, ఎదురుగా వాళ్లిద్దరూ. అలవాటు కొద్దీ మునెమ్మ కడ్డీ పట్టుకుని నిలబడబోతే అక్కడి మనిషి కసిరి కూర్చోబెట్టాడు. నేల జారిపోయింది. సరుగుడు చెట్లు కిందికి పోయాయి, మైకు పాట కిందికి పోయింది. కింద ఎవరినో ఎక్కించుకోవడానికి చక్రం ఆగినప్పుడు మేము అన్నిటికన్నా పైన ఉన్నాం. సముద్రానికీ ఆకాశానికీ మధ్య గీత లేదు. అంతా ఒకటే లేత బంగారు రంగు.

మునెమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"భయమైతాందా?" సరోజినమ్మ గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. "ఒక్కసారి కండ్లు తెరువు మునెమ్మా, సముద్రం చూడు."

"భయం కాదు టీచరమ్మా. కాళ్లకు నొప్పేమీ తెలియకుండా ఉండాది. సూస్తే ఆ సుకం యాడ పోతాదో అని మూసుకున్యాను."

చక్రం రెండు చుట్లు తిరిగినా సరోజినమ్మ గారు ఆ చెయ్యి వదల్లేదు. కిందికి దిగాక ముఖం తుడుచుకుంటూ నాతో, "ముప్పై ఏళ్లు తలుపు పక్కన నిలబడే ఉందండీ. ఒక్కరోజు కూడా స్టూలు వేయించాలని తోచలేదు నాకు" అన్నారు. నా ఆఫీసులో ఆమె నిలబడే ఉంటే నేనూ టైములు రాసుకుంటూ కూర్చున్నవాణ్ణే.

బస్టాండుకు పోయే సిటీ బస్సులో ఒకే ఒక సీటు ఖాళీగా ఉంది. సరోజినమ్మ గారు పక్కకు జరిగి, పై కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. మునెమ్మ సీటును చూసింది, ఆవిడను చూసింది. తర్వాత పోయి కూర్చుంది.

ఆ మరుసటి రోజు నుంచి నా ట్రిప్ షీట్లలో పై వరుస మారింది. అంతకు ముందు అక్కడ బయల్దేరే టైము ఉండేది. ఆ తర్వాత ఈ టూరు ఎవరి కోసమో ఆ మనిషి పేరు, ఆ మనిషి అడిగిన పని రాసేవాణ్ణి. అది అయ్యాకే మిగతావి. అరగంటలు, ముప్పావు గంటలు చాలాసార్లు తప్పాయి. మా ఓనరు తిట్టాడు కూడా. నేను మాత్రం ఆ వరుస మార్చలేదు.