వలదారం సంచి

మా ఆయన చిన్న కారు కొన్నాక దాన్ని ముస్తాబు చేసిందంతా చేపలమ్మే మా అత్తే. పాత చీరలతో సీట్లకు కవర్లు కుట్టింది. నీళ్ల సీసాలకని వలదారంతో సంచి అల్లి ముందు సీటు వెనక కట్టింది. ఎక్కినవాళ్లందరినీ ఒకటే అడిగేది: "బాగున్నాదా?" తను మాత్రం ఎక్కేది కాదు.

ఓ వానరోజు అరసవల్లి దగ్గర ఖాళీ తట్టతో తడుస్తూ కనిపిస్తే బలవంతంగా ఎక్కించాం. గోనె పరుచుకుని సీటు అంచున కూర్చుంది. అద్దం దించి తల బయటపెట్టింది.

"తడిసిపోతన్నావత్తా, అద్దం ముయ్యి."

"వద్దమ్మా, నీసు కంపు కారులో ఉండిపోతాది."

సిగ్గుతో చచ్చిపోయాం గానీ, "ఉండనీ" అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

మర్నాడు కారెక్కితే ఆ సంచిలో కర్పూరం పొట్లం ఉంది. అత్త గుమ్మంలోంచే అడిగింది:

"ఇప్పుడు బాగున్నాదా?"