తాడు పట్టిన బామ్మర్ది

ఈ ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ బోనాలకు జనం పోటెత్తిన రోజు, అమీర్‌పేట మెట్రో మెట్ల కింద వాన తగ్గేదాకా నిలబడ్డాను. సిమెంటు మరకల చొక్కా మనిషి ఒకడు నన్నే చూస్తున్నాడు. "సారూ, పెద్ద సంచి సార్ గదా మీరు?" అన్నాడు. ఈ పేటలో కంప్యూటరు పాఠాలు చెప్పే నన్ను జావా సారంటారు, నిద్రపుచ్చే సారని కూడా అంటారట. పెద్ద సంచి సారని పిలిచింది మాత్రం నల్లమలలో ఒక్క చెంచుపెంట వాళ్లే.

చాలా ఏళ్ల కిందటి మాట. పాఠాలు చెప్పీ చెప్పీ, హాస్టలు సాంబారు తినీ తినీ విసిగిపోయిన రోజులవి. అడవిలో పనిచేసే మిత్రుడొకడు దారి చెబితే, పంజాగుట్టలో కొన్న సంచి వీపున వేసుకుని బయలుదేరాను. దుకాణంవాడు అంటగట్టిన దిక్సూచి, ఈల, మూడు రకాల దోమల మందులు అందులో ఉన్నాయి. బస్సు దిగి వెదురు పొదల్లో పడి నడిచి, కాళ్లు బొబ్బలెక్కి, కుంటుతూ ఆ పెంటకు చేరాను. పెంట అంటే నాలుగు గుడిసెల గూడెం. మొదటి గుడిసె ముందు కూర్చున్న ఇల్లాలు నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి, "ఇల్లు సుత మోసుకొస్తివా ఏంది సారూ?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వుతోనే ఆమె నాకు వదినైంది, ఆమె భర్త అన్నయ్యాడు. బొబ్బలు మానేదాకా ఉందామనుకున్నవాణ్ణి, మానాక కూడా కదల్లేదు. పొగచూరిన ఆ గుడిసెలో జొన్నసంకటి, చింతపులుసు తిని పడుకుంటే, ఎండిన ఇప్పపూల వాసన ఒంటికి పట్టేది.

అన్న తేనె తీసేవాడు. లోయ మీదికి వంగిన బండ కింద పట్టు ఉంటే, పైన చెట్టుకు నారతాడు కట్టి, పొగ కట్టె పట్టుకుని దిగేవాడు. పైన తాడు దగ్గర వదిన తమ్ముడే కూర్చోవాలి. అన్నకు సొంత తమ్ముడుండగా ఇతనెందుకని అడిగాను. అన్న నవ్వాడు. "తమ్మునిదేముంది సారూ, జర ఏమరుపాటుగ ఉన్నా ఉంటడు. బామ్మర్ది అట్ల గాదు. అక్క బొట్టు వాని చేతిల ఉంటది." అన్న దిగినంతసేపూ ఆ కుర్రవాడు కన్నార్పలేదు. చీమలు కాళ్లెక్కినా దులుపుకోలేదు. నేను మాత్రం గుడ్లప్పగించి చూస్తూ, ఊదాల్సిన అవసరమే రాని ఈలను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మెట్రో కింద నన్ను పలకరించింది ఆ బామ్మర్దే. జుట్టు సగం నెరిసింది. పక్క హోటల్లో చాయ్ తాగుతూ, అన్న ఎలా ఉన్నాడని అడిగాను. అతను గ్లాసు కింద పెట్టాడు.

"బావ లేడు సార్."

పెళ్లయ్యాక తను భార్య తరఫువాళ్ల వెంట ఇక్కడి బోరబండకు వచ్చి సెంట్రింగు పనిలో చేరాడట. తేనె కాలానికి వస్తానని బావకు మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే స్లాబు వేసే పని పడింది. మేస్త్రీ కదలనివ్వలేదు. బావ కొన్నాళ్లు ఎదురుచూసి, తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని పోయాడు.

"తాడు రాయికి ఒరుసుకొని తెగిందంటరు. ఊరంత ఆ తమ్మున్నే అనుమానించిన్రు. వాడు పెంట ఇడిసి యాడికో పోయిండు. నేనుంటే తాడు ఒరుసుకునుడు కనిపెడుతుంటి సార్."

"మీ అక్క ఏమంది?"

"ఏమనలే. తిట్టినా మంచిగుండేది. నాతోని మాట్లాడదు." గ్లాసు పక్కకు జరిపి, "మీరొస్తే బయటికొస్తదేమో సార్, జర రారాదు?" అన్నాడు.

వెళ్లాం. ఈసారి నా సంచి చిన్నది, మోకాళ్లే బరువు. వదిన గుడిసె బయటికొచ్చింది. మనిషి సగమైపోయింది. "ముసలోనివైతివి గదా సారూ," అంది నాతో. నవ్వలేదు. తమ్ముడి వైపు చూపు తిప్పలేదు. అతను వాకిట్లోనే, చెప్పులు విడిచి, తలవంచుకుని నిలబడ్డాడు. అన్న గురించి నేను ఎత్తబోతే, "సంకటి తిను, సల్లారుతది," అని మాట తప్పించింది. నాకు పెట్టాక, మరో కంచం తెచ్చి వాకిట్లో నేల మీద పెట్టి, లోపలికెళ్లి తడిక వేసుకుంది. అతను కూర్చుని మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కంచం కడిగి గోడకు ఆనించాడు. తడిక తెరుచుకోలేదు. ఎంతసేపు చూసినా తెరుచుకోలేదు.

తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు, ఉన్నట్టుండి, "పులుసుల కారం ఎయ్యలే సార్. చిన్నప్పటి సంది నాకు కారం పడదు," అన్నాడు. ఆ పైన ముఖం అటు తిప్పుకున్నాడు.

కాలం అన్నీ మరిపిస్తుందంటారు. నేను చూసినంతలో అది కోపాన్నీ మరిపించదు, ప్రేమనూ మరిపించదు. రెంటినీ ఒకే గుడిసెలో ఉంచి, తడిక మూసి, తన దారిన తాను పోతుంది.