నీలం కింద పచ్చ

గుమ్మిడిపూండిలో పెయింట్ డబ్బా కొనుక్కుని ఆరంబాక్కం పోయే రైలెక్కినాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫైబర్ పడవకి రంగు నేనే వేసుకోవాలని నా పంతం. పొద్దున్నంతా ఉప్పుకాగితంతో పాత రంగు రుద్దినాను. నా చేతులనిండా పచ్చటి పొడి.

ఎదురు సీట్లో పెద్దాయన ఆ పొడినే చూస్తా ఉన్నాడు.

"పడవ యాడ కొన్నావు నాయనా?"

"మా ఆరంబాక్కంలోనే. నీలం రంగుది. గీకితే కింద పచ్చ ఉండాది."

"నీలం ఏసినాయన బాగుండాడా?"

"లేడు. ఆయన పెండ్లాం దగ్గరే కొన్నాను."

పెద్దాయన నా మణికట్టు పట్టుకుని, బొటనవేలితో ఆ పొడి తుడిచి, కిటికీ వెలుగులో పెట్టి చూసుకున్నాడు. రైలు నిదానం కాంగానే లేచినాడు.

"రంగేసే ముందు, పడవ ముక్కు దగ్గర ఎడంపక్క తట్టి చూడు. ఆడ పగిలి ఉండింది. దానికి పుట్టీ పూసి, పైన పచ్చ ఏసి అమ్మింది నేనే."

దిగి, వెనక్కి తిరిగి చూడకుండా పోయినాడు.

సాయంత్రం పోయి తట్టినాను. పడవంతా టకటకమని గట్టిగా పలికింది. ఎడంపక్క ముక్కు దగ్గర మాత్రం తడిసిన అట్టని తట్టినట్టుంది. బొటనవేలు పెట్టి నొక్కితే లోపలికి దిగిపోయింది.

పెయింట్ డబ్బా మూత ఇప్పటికీ తీయలేదు. పడవ అప్పగించిన రోజు, అమ్మినామె దాని దగ్గరికి రాలేదు, దూరంగా నిలబడి చెయ్యి చూపించింది. మొగుడు ఎట్ల పోయినాడని నేను అడగనే లేదు.